పుర్రెకూ సోకులే!

కరెంటు స్తంభానికి బిగించిన రేకు మీద పుర్రెబొమ్మ చూసి మనలో ఎవరైనా జడుసుకున్నామా, చెప్పండి? రెండు నల్లటి గుంటలు, కింద అడ్డంగా రెండు ఎముకలు. అచ్చు గుద్దిన బొమ్మ, అంతే! అదే పుర్రెను మోటారుసైకిలు పెట్రోలు టాంకు మీద ఎయిర్‌బ్రష్‌తో వేస్తే చూడాలి. కళ్ళగుంటల్లో చీకటి, బుగ్గ ఎముక మీద వెలుగు, ఇకిలించే పళ్ళు... ఒళ్ళు జలదరిస్తుంది. చిత్రమేమిటంటే, ఈ పనిముట్టు పేరు తెచ్చుకున్నది జనాన్ని భయపెట్టి కాదు, మొహాలకు మెరుగులు దిద్ది!

1876లో అమెరికాలో ఫ్రాన్సిస్ ఎడ్గర్ స్టాన్లీ అనే ఆయన రంగు చిమ్మే సాధనానికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ తర్వాత ఆవిరి కార్లు తయారుచేసిన స్టాన్లీ సోదరుల్లో ఒకాయనే ఈయన. 1879లో ఆబ్నర్ పీలర్ నగల పనివాళ్ళ సామాన్లేవో పోగేసి మరొకటి చేశాడు. లిబర్టీ వాకప్ దాన్ని బాగుచేయించి, ఎయిర్‌బ్రష్ అని అమ్మి, రాక్‌ఫర్డ్ అనే ఊళ్ళో బడి కూడా నడిపాడు. 1893లో చికాగో ప్రదర్శనకు చార్లెస్ బర్డిక్ చేసిన మేలురకం వచ్చింది.

ఆ రోజుల్లో ఫొటోను పెద్దది చేస్తే వెలవెలబోయేది. దాని మీద ఎయిర్‌బ్రష్‌తో మంచులా రంగు చిమ్మి ముడతలు కప్పేవారు, బుగ్గలు నింపేవారు. మన ఇళ్ళల్లో దండ వేసి ఉంచిన పాత ఎన్‌లార్జిమెంట్లకూ స్టూడియోవాళ్ళు ఏదో ఒక బ్రష్షుతో ఇలాంటి సేవే చేశారు. తాతగారు నున్నగా వచ్చారని మురిసిపోతాం. ఆయన చెంప మీది పులిపిరి ఏమైందని మాత్రం అడగం.

పులిపిరితో పోతే ఫరవాలేదు. 1937లో మాస్కో కాలువ దగ్గర స్టాలిన్ పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు యెజోవ్. 1940లో అతన్ని కాల్చి చంపారు. తర్వాతి ఫొటోలో అతనున్న చోట ఉత్త నీళ్ళే కనిపిస్తాయి! మొహాన్ని దిద్దే విద్య మనిషినే తుడిచేసింది.

కాలిఫోర్నియా కుర్రకారు దీన్ని తలకిందులు చేశారు. 1950ల చివర, 60ల్లో ఎడ్ రాత్ కార్ల ప్రదర్శనల్లో కూర్చుని బనీన్ల మీద గుడ్లురిమే భూతాలు వేసి అమ్మాడు. కార్లు, మోటారుసైకిళ్ళ మీదా ఈ వేడుక పెరిగింది. బుగ్గల కింద ఎముకను కప్పిన బ్రష్షే ఆ ఎముకను బయటపెట్టింది. కాళికమ్మ మెడలో పుర్రెల దండ చూసి పెరిగిన మనకు ఇదేమంత వింత లెండి!

పని మాత్రం ఓపికతో కూడింది. నల్లరంగు మీద స్టెన్సిల్ రేకు పెట్టి తెలుపు చిమ్ముతారు. తలకట్టు, గుంటలు, పళ్ళవరుస ఒక్కసారిగా అచ్చుపడతాయి. సంక్రాంతి నెలలో చిల్లుల ముగ్గుగొట్టం దొర్లించినట్టే, సుళువు. అయితే ఇక్కడితో ఆపితే మన కరెంటు స్తంభం పుర్రే! రేకు తీసేశాక చెయ్యి పనిచేయాలి. మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. దగ్గరగా పట్టుకుంటే వెంట్రుక లాంటి గీత, దూరం జరిపితే పొగ. పల్చటి నలుపు పొరమీద పొర చిమ్ముతూ కణతల దగ్గర లోతు తెస్తారు. బుగ్గ ఎముక మీద తెలుపును ముట్టుకోరు. తొందరపడి ఒకేచోట ఆగితే రంగు కాళ్ళు సాచి కారుతుంది. అదే రేకుతో పది పుర్రెలు వేసినా, నీడను బట్టి ఒకటి నవ్వుతుంది, ఒకటి ఏడుస్తుంది.

చివర్న పైన మెరుగు వార్నిషు. ఆరాక వేలితో తడిమి చూస్తే గుంటా లేదు, ఎముకా లేదు. నున్నటి ఇనపరేకే తగులుతుంది.