జీర్ణోద్ధరణము: జోడాసాంకో ఠాకూరుల గృహచరిత్ర

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని తెలుగువారి సామెత. కట్టుటలోని కష్టమును ఈ సామెత చెప్పినది గాని, కట్టిన యింటిని నాలుగు తరముల పాటు నిలుపుకొనుటలోని కష్టమును చెప్పలేదు. దేవాలయము శిథిలమైనచో దానిని ఉద్ధరించుట పుణ్యకార్యమని మన శాసనములు చాటుచున్నవి. నివాసగృహమునకు అట్టి భాగ్యము అరుదు. పాత యింటికి వారసులు పలువురు, ఆదాయము స్వల్పము, అభిప్రాయములు అనేకము. కలకత్తా నగరమున జోడాసాంకోలోని ఠాకూరు వంశీయుల గృహచరిత్ర ఈ విషయమున మిక్కిలి బోధకరమైనది. ఒకే కుటుంబమునకు అచ్చట ప్రక్కప్రక్కన రెండిండ్లు ఉండెడివి. అందొకటి నేటికిని నిలిచియున్నది. రెండవది నేలమట్టమైనది.

జోడాసాంకో యనగా జంట వంతెనలు అని అర్థము. పాథురియాఘాటాలో నివసించుచుండిన ఠాకూరు సోదరులలో ఆస్తి తగవు పుట్టగా, నీలమణి ఠాకూరు తన తమ్ముడు దర్పనారాయణుని నుండి విడిపోయి, 1784లో ఇచ్చటికి వచ్చెను. వైష్ణవచరణ శేఠ్ అను వర్తకుడొసగిన స్థలమున ఆయన గృహనిర్మాణమునకు పూనుకొనెను. అనగా ఈ ప్రసిద్ధగృహము పుట్టినదే ఒక పంపకము వలన. నీలమణి మనుమడైన ద్వారకానాథ ఠాకూరు (1794-1846) వ్యాపారమున అపారమైన సంపద నార్జించి, 1823లో పాత యింటి ప్రక్కనే అతిథుల కొఱకు వేరొక భవనమును కట్టించెను. దానికి వైఠకఖానా యిల్లని పేరు. ద్వారకానాథ్ వీథిలో పాత యింటికి 6వ నంబరు, వైఠకఖానాకు 5వ నంబరు స్థిరపడినవి.

ద్వారకానాథుడు ఇంగ్లండులో మరణించిన పిదప రెండేండ్లకే, 1848లో, ఆయన వ్యాపారసంస్థ కూలిపోయినది. పెద్ద కుమారుడైన దేవేంద్రనాథుడు తండ్రి ఋణములను తన తలపై వేసికొని క్రమముగా తీర్చెను. ఆయన 1843లోనే బ్రాహ్మధర్మమును స్వీకరించి యుండుటచే, కులదేవతల పూజ విషయమున ఇంటిలో భేదము కలిగినది. తమ్ముడైన గిరీంద్రనాథుని భార్య యోగమాయాదేవి పూర్వాచారమును విడువజాలక దేవతామూర్తులతో, బిడ్డలతో వైఠకఖానాకు చేరెను. నాటి నుండి 6వ నంబరు దేవేంద్రుని సంతతికి, 5వ నంబరు గిరీంద్రుని సంతతికి నిలయములైనవి. పొయ్యిలు వేరైనను వాకిలి మాత్రము వేరు కాలేదు. నాటకములకు, సంగీతమునకు, పిల్లల చదువులకు రెండిండ్లవారును కలిసియే ఉండిరి.

6వ నంబరు ఇంట 1861 మే 7న రవీంద్రుడు జన్మించెను. 1881లో తాను రచించిన 'వాల్మీకి ప్రతిభ'ను ఆ యింటనే ప్రదర్శించి, వాల్మీకి పాత్రను తానే ధరించెను. 1941 జూలై 30న ఆయనకు శస్త్రచికిత్స జరిగినదియు, ఆగస్టు 7న ఆయన కన్ను మూసినదియు ఆ యింటనే.

5వ నంబరు కీర్తి వేఱు. అందలి దక్షిణపు వరండాలో గగనేంద్రనాథుడు, సమరేంద్రనాథుడు, అవనీంద్రనాథుడు అను మువ్వురు సోదరులు నిత్యము కూర్చుండెడివారు. వంగ చిత్రకళా సంప్రదాయమునకు ఆ వరండా పుట్టినిల్లు వంటిది. 1903లో జపాను చిత్రకారులగు యొకొయామా తైకాన్, హిషిదా షున్‌సో కలకత్తాకు వచ్చి ఠాకూరు సోదరులతో మెలగిరి. రంగు పూసి, నీట తడిపి, మరల పూయు మెత్తని ఛాయల పద్ధతి అవనీంద్రుని కుంచెకు అబ్బుటకు ఆ స్నేహము తోడ్పడినది. ఆ సంప్రదాయము తెలుగుదేశమునకును ప్రాకినది. కోపల్లె హనుమంతరావుగారు మచిలీపట్నమున నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ఆ సంప్రదాయమునకు చెందిన ప్రమోద్ కుమార్ చటర్జీ చిత్రకళ నేర్పెను. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. ఆ విధముగ జోడాసాంకో వరండాలోని రంగుల తడి బందరు సముద్రతీరము వఱకు వచ్చినది.

అట్టి యిల్లు ఏమైనది? 1938లో గగనేంద్రుడు మరణించెను. ఆస్తి వ్యవహారములు చిక్కుపడినవి. 1940ల తొలినాళ్ళలో ఇల్లు పరుల పాలైనది. అవనీంద్రుడు తన డెబ్బదవ యేట పుట్టిన యింటిని విడిచి, నగరపు శివారున బరానగరులోని గుప్తనివాసమున తలదాచుకొనెను. పిదప ఆ వైఠకఖానా కూల్చివేయబడినది. దానిని కాలము పడగొట్టలేదు, వానలు పడగొట్టలేదు. దాని భారము వహింపగల చేయి కానరానప్పుడు గునపము పడగొట్టినది.

6వ నంబరుకు గతి వేఱుగా పట్టినది. కవి నిర్యాణానంతరము దానిని స్మారకముగా నిలుపవలెనను సంకల్పము బలపడినది. 1961లో శతజయంతి సందర్భమున అచ్చట ప్రదర్శనశాల ఏర్పడినది. 1962 మే 8న రవీంద్రభారతి విశ్వవిద్యాలయము ఆవిర్భవించినది. ఇల్లు వంశీయుల చేతినుండి ప్రజల చేతికి వచ్చినది. కవి పుట్టిన గది, కన్ను మూసిన గది, మృణాళినీదేవి వంటగది నేడు సందర్శకులకు దర్శనీయములు. సంగీత నాట్య విద్యలకు స్థానమగుటచే ఆ ప్రాంగణమున పాట ఆగిపోలేదు.

ఇట్టి గృహములను బాగుచేయుట సున్నము వేసి రంగు పూసినంత సులభము కాదు. నాటి కలకత్తా గృహముల గోడలు ఇటుకతోను, సున్నము, ఇటుకపొడి కలిపిన అడుసుతోను కట్టినవి. పైకప్పునకు కొయ్య దూలములు, వానిపై అడ్డముగా సన్నని పట్టెలు, పట్టెలపై పెంకులు, ఆ పైన దిమ్మిసతో కొట్టిన సున్నపు గచ్చు. గంగాతీరపు తేమ నేలనుండి గోడలోనికి ఎక్కును. సున్నపు గోడ ఆ తేమను పీల్చి, ఎండకాలమున మరల విడిచివేయును. అట్టి గోడకు సిమెంటు పూసినచో తేమ లోపలనే చిక్కుకొని, లవణములు పేరుకొని, ఇటుక పొడియై రాలును. పైకి గట్టిగ కానవచ్చు పూత లోపలి గోడను తినివేయునన్నమాట. కావున ప్రాచీనగృహమును ఉద్ధరించువారు ముందు సిమెంటును ఒలిచి, నానవేసిన సున్నముతోనే పని సాగింతురు. గానుగలో నూరిన సున్నమునకు కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చు మన తాపీవారి పద్ధతికి మూలము ఈ జ్ఞానమే.

పనికి వరుస కూడ కలదు. మొదట నీటిదారి చూడవలెను. పైకప్పు కురియుట, గొట్టములు పగులుట, నేలపై నీరు నిలుచుట మాన్పకుండ గోడను ముట్టుట వృథా. పిదప దూలముల కొనలు చూడవలెను. గోడలో దూరియున్న కొనయే ముందు కుళ్ళును. గోడ పగుళ్ళలో మొలచిన రావిమొక్కను కొమ్మ నరికి విడువరాదు, వేరు తీసి పగులు పూడ్పవలెను. రంగు అన్నిటికన్న కడపటిది. కాని పెక్కుచోట్ల మొదట జరుగునది అదే.

తాపీపనికన్న కఠినమైన ప్రశ్న మరియొకటి కలదు. ఏ కాలపు ఇంటిని నిలుపవలెను? నీలమణి కాలపు ఇంటినా? దేవేంద్రుని ఇంటినా? కవి కడపటి దినముల ఇంటినా? ప్రతి తరమును తన యవసరమును బట్టి గదులు చేర్చినది, తలుపులు మార్చినది. ఒక తరపు గురుతును చెరిపి వేరొక తరమును నిలుపుట ఉద్ధరణము కాదు. ఉన్నదానిని ఉన్నట్లు నిలిపి, క్రొత్తగ చేర్చినదానిని క్రొత్తదిగానే తెలియనిచ్చుట ఉత్తమపద్ధతి. స్మారకమైనంత మాత్రమున ఇల్లు సురక్షితము కాదు. 2022లో ఈ ప్రాంగణమందలి వారసత్వ భవనభాగమున అక్రమముగా మార్పులు జరిగినవను ఫిర్యాదు కలకత్తా హైకోర్టు వఱకు వెళ్ళినది. కావలి ఒకనాటితో ముగియునది కాదు.

రెండిండ్ల గోడలును ఒకే మట్టివి, ఒకే వంశపువి. రెంటను మహనీయులే నివసించిరి. ఒకటి నిలుచుటకు, ఒకటి కూలుటకు కారణము గోడలలో లేదు. ఈ యిల్లు ఇకమీదట దేనికి, ఎవరిది అను ప్రశ్నకు ఒకదానికి సకాలమున సమాధానము దొరకినది, రెండవదానికి దొరకలేదు.

ఉద్యోగరీత్యా దూరప్రాంతముల నున్న తెలుగు కుటుంబములలో పెక్కింటికి స్వగ్రామమున ఒక మండువా లోగిలి యున్నది. దానికి తాళము పడియుండును. తాళపుచెవి ఒకరి వద్ద, దస్తావేజులు వేరొకరి వద్ద, అభిప్రాయములు అందఱి వద్ద నుండును. ప్రతి యిల్లును ప్రదర్శనశాల కాజాలదు, కానక్కఱలేదు. కాని వారసులు ఒకచోట కూర్చుండి ఆ యిల్లు దేనికని నిర్ణయించుకొనుటకు ధనముతో పనిలేదు. బడికో, గ్రంథాలయమునకో, వృద్ధులైన బంధువుల నివాసమునకో అది ఉపయోగపడవచ్చును. నిలుపజాలనిచో, గునపము తాకకముందే గదుల కొలతలు వ్రాసి, ఛాయాచిత్రములు తీసి, ఏ అరుగుపై ఎవరు కూర్చుండిరో పెద్దల నోట విని వ్రాసియుంచుట కనీసధర్మము. అవనీంద్రుని దక్షిణపు వరండా నేడు లేదు. అయినను అచ్చట కూర్చుండినవారు తమ జ్ఞాపకములను వ్రాసి విడిచినందుననే ఆ వరండా ఎండ, నీడ నేటికిని లోకమునకు తెలియుచున్నవి.