టెరెజీన్ పాకగ్రంథము : పాఠపరిష్కరణ సమస్య

కుటుంబములలో వాడుకనున్న వంటల విధానములను సేకరించి అచ్చు వేయించుట సాహిత్య పరిశోధకులకు సంబంధించిన పని కాదని పలువురు తలంతురు. చెప్పినట్లు వండినచో వంట కుదిరిన గ్రంథము మంచిది, కుదరనిది చెడ్డది అని వారి యభిప్రాయము. ఈ కొలతకు లొంగని గ్రంథ మొకటి కలదు.

ప్రేగ్ నగరమునకు ఉత్తరమున సుమారు 60 కిలోమీటర్ల దూరమున టెరెజీన్ అను కోటపట్టణ మున్నది. నాజీలు 1941 నవంబరు మొదలు 1945 మే వరకు దానిని యూదుల నిర్బంధస్థానముగా చేసిరి. అచ్చటికి సుమారు 1,40,000 మంది తరలింపబడగా, 33,000 మంది దాక ఆకలిచేతను, వ్యాధులచేతను అచ్చటనే మరణించిరి. పెక్కుమంది తూర్పు శిబిరములకు మరణముఖమున పంపబడిరి.

అట్టి చోట డెబ్బదియేండ్లు దాటిన మీనా పెఖ్టర్, ఆమె తోడి స్త్రీలును, తమ యిండ్ల వంటలను జ్ఞప్తికి తెచ్చుకొని చాలవరకు జర్మను భాషలో వ్రాసిరి. వ్రాత ఒక్క చేతిది కాదు. మీనా 1944లో, యూదుల ప్రాయశ్చిత్త పర్వదినమున, కన్నుమూసెను. అంతకు ముందే ఆ ప్రతిని, కొన్ని ఉత్తరములతోను పద్యములతోను కూడ, ఒక మిత్రుని చేతికిచ్చి పాలస్తీనాలోని తన కుమార్తెకు చేర్చుమని కోరెను. చిరునామా మాత్రము అతని యొద్ద లేదు. ఆ కట్ట చేతులు మారి న్యూయార్కులోనున్న కుమార్తెను చేరునప్పటికి ఇరువదియైదేండ్లు గడచెను. 1996లో కారా డి సిల్వా సంపాదకత్వమున, బియాంకా స్టైనర్ బ్రౌన్ ఆంగ్లానువాదముతో అది ప్రకటితమయ్యెను. అనువాదకురాలు తానును టెరెజీన్ నుండి బ్రతికి బయటపడినదే.

ఇక ప్రతి స్వరూపము. గ్రుడ్లు, వెన్న, చక్కెర సమృద్ధిగా కోరు పిండివంటలతోపాటు యుద్ధకాలపు తీపివంటకమను పేరుగలది కూడ ఇందున్నది. కొన్నింట ఒక పదార్థము విడిచిపోయినది. కొన్నింట నడుమ చేయవలసిన పనియే లేదు. పాకశాస్త్రజ్ఞుడైన ప్రకాశకుడు వండి చూచి ఖాళీలను పూరించును. వీరు పూరింపలేదు. ఇది సమంజసమేనా?

సి. పి. బ్రౌను మన కావ్యములకు పెక్కు ప్రతులను సేకరించి, పండితులచేత పోల్పించి, శుద్ధప్రతులను సిద్ధము చేయించెను. అచ్చట కవి పాఠము వేరు, లేఖకుని ప్రమాదము వేరు. రెండవదానిని తొలగించుట కవికి చేయు సేవయే. టెరెజీన్ ప్రతిలో లేఖకులే కర్తలు. పైగా వంటల వ్రాతలో లోపములు రెండు విధములు. మన ముత్తవలు వ్రాయించిన పుస్తకములలో "తగినంత ఉప్పు" అని యుండును. అది లోపము కాదు. చదువునది కోడలో కూతురో, ఆ తగినంత యెంతయో ప్రక్కన నిలిచి చూచినదే. (దీనిని నేటి సంకలనకర్తలు గ్రాములలోనికి మార్చునప్పుడు మూలపదమును కూడ నిలుపుట మేలు.) రెండవది, వ్రాయువారి మనస్సు నుండి జారిపోయినది. ఆకలిచే కృశించినవారి జ్ఞాపకమున ఒక పదార్థము జారుట ఆ స్థలమును గూర్చిన సాక్ష్యము. దానిని చక్కదిద్దినచో వంట కుదురును, సాక్ష్యము చెరగును.

చిక్కేమనగా, ఏ ఖాళీ ఏ జాతిదో పలుచోట్ల తేల్చుట సాధ్యము కాదు. పొయ్యిలో నెంతసేపుంచవలెనో వ్రాయనిచోట, అది గృహిణికి తెలిసినదే యని విడిచిరో, అంతలో శక్తి సన్నగిల్లెనో చెప్పగలవారు జీవించి లేరు. అందుచేత ప్రతిని ఉన్నదున్నట్లుగా నుంచి, సందేహములను మూలమున చేర్పక పీఠికకు విడుచుటయే సరియైన పద్ధతియని నేను తలంచుచున్నాను.