‘శుభ్రం చేశాం’ అంటే ఎంత శుభ్రం? పాత ఫ్యాక్టరీ నేలల లెక్క ఇదీ

మూతపడ్డ ఫ్యాక్టరీ షెడ్లు కూల్చేసి అపార్టుమెంట్లు కడుతుంటారు. కొనేవాళ్లు టైటిల్ చూస్తారు, అనుమతులు చూస్తారు, బ్యాంకు లోన్ ఇస్తుందో లేదో కనుక్కుంటారు. ముప్పై ఏళ్లుగా ఆ నేలలో ఏం ఇంకిందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

హైదరాబాద్‌లో ఇది ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న. పాత పారిశ్రామికవాడల భూములను ఇళ్లకు, ఆఫీసులకు, మాల్స్‌కు కూడా వాడుకునే వీలు కల్పిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబరులో ‘హిల్ట్’ విధానం తెచ్చింది. దాని పరిధి 9 వేల ఎకరాలకు పైనే. భూముల ధరలు, ఫీజుల మీద జరిగిన రాజకీయ వాదన వేరే సంగతి. ఈ కథనం మట్టి గురించి.

విషం ఉంటే ముప్పు ఉన్నట్టేనా?

అన్నిసార్లూ కాదు. ముప్పు ఉండాలంటే మూడు కలవాలి: విషం ఉన్న చోటు, అది బయటికి వచ్చే దారి, దాన్ని పీల్చే, తాగే లేదా తినే మనిషి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెగినా ముప్పు తగ్గుతుంది. రిస్క్ అసెస్‌మెంట్ అంటే ఈ గొలుసు ఎక్కడెక్కడ కలుస్తోందో, ఎంత మోతాదు మనిషిని చేరుతోందో లెక్కగట్టడం. ఆ లెక్కను బట్టే ఎంత మట్టి తవ్వాలి, ఎక్కడ కప్పేసి వదిలేయొచ్చు అన్నది తేలుస్తారు.

భోపాల్‌నే చూడండి. యూనియన్ కార్బైడ్ ఆవరణలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాలను 2025 జనవరిలో పీథంపుర్‌కు తరలించారు, జూన్ ఆఖరుకు కాల్చేశారు. టీవీల్లో కంటైనర్ల వరుస కనిపించింది. కానీ అవి గోడౌన్‌లో మూటగట్టి ఉన్న వ్యర్థాలు. చుట్టుపక్కల బస్తీలకు అసలు దారి భూగర్భజలం. అందుకే ఆ బస్తీలకు మంచినీళ్లు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. కుళాయి నీళ్లు వస్తే మట్టిలో విషం తగ్గదు, అది నోటిదాకా వచ్చే దారి మాత్రం తెగుతుంది. కంటికి కనిపించే చెత్త, మనిషికి చేరే చెత్త ఒకటే కానక్కర్లేదు.

ఆ అంకె ఎలా వస్తుంది?

ఒక చిన్న లెక్క వేద్దాం. కిలో మట్టిలో 20 మిల్లీగ్రాముల పాదరసం ఉందనుకోండి. ఆరుబయట ఆడుకునే పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటూ రోజుకు 200 మిల్లీగ్రాముల మట్టి మింగుతారని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ తన లెక్కల్లో అనుకుంటుంది. అంటే ఒంట్లోకి వెళ్లేది రోజుకు 4 మైక్రోగ్రాముల పాదరసం. బిడ్డ బరువు 15 కిలోలైతే, కిలో బరువుకు దాదాపు 0.27 మైక్రోగ్రాములు. పాదరసం లవణాలకు అదే సంస్థ పెట్టిన రోజువారీ పరిమితి 0.3. అంటే గీతకు కాస్త ఇవతల ఉన్నట్టు.

అదే మట్టి మీద 70 కిలోల పెద్ద మనిషి తిరిగితే? రోజుకు 100 మిల్లీగ్రాముల లెక్కన కిలో బరువుకు 0.03 మైక్రోగ్రాములు కూడా రాదు. మట్టి ఒకటే, ముప్పులో తేడా తొమ్మిది రెట్లు. అందుకే ‘ఈ నేల సురక్షితం’ అనే మాటకు ‘ఎవరికి?’ అన్నది తోడవాలి.

ఈ లెక్కలో వదిలేసినవీ ఉన్నాయి. పాదరసం ఆవిరి పీల్చడం ఇందులో లేదు. పాదరసం నీళ్లలో చేరి మిథైల్ మెర్క్యురీగా మారితే చేపల ద్వారా వస్తుంది. దానికి పరిమితి 0.1 మాత్రమే. ఏ దారిని లెక్కలోకి తీసుకున్నారు, దేన్ని వదిలేశారు అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

కొడైకెనాల్‌లో గొడవ దీనిమీదే

తమిళనాడులోని కొడైకెనాల్‌లో హిందుస్థాన్ యూనిలీవర్‌కు చెందిన థర్మామీటర్ల ఫ్యాక్టరీ ఉండేది. పాదరసం అంటిన గాజు ముక్కలు ఊళ్లోని తుక్కు దుకాణంలో బయటపడటంతో 2001 మార్చిలో అది మూతపడింది. 2003లో దాదాపు 290 టన్నుల పాదరస వ్యర్థాలను అమెరికాకు తిప్పి పంపారు. మిగిలింది మట్టి.

ఎంతవరకు శుభ్రం చేయాలి? మొదట కిలోకు 10 మిల్లీగ్రాములు అనుకున్నారు. తర్వాత ఆ స్థలానికే ప్రత్యేకంగా చేసిన రిస్క్ అధ్యయనం ఆధారంగా అది 20 అయింది. ఫ్యాక్టరీ ఉన్నది నిటారు కొండవాలు మీద, కింద పాంబార్ షోలా అడవి. ఇంకా లోతుగా తవ్వితే చెట్లు పోతాయి, మట్టి కోతకు గురై అడవిలోకే జారుతుందన్నది ఒక వాదన. అడవి కిందే ఉన్నప్పుడు వాగులు, చేపలు, పక్షుల కోసం ఇంకా కఠినమైన పరిమితి పెట్టాలి, కంపెనీ ఖర్చు తగ్గించడానికి లెక్క మార్చకూడదన్నది కార్యకర్తల వాదన. చివరికి 20కే ఆమోదం దక్కింది.

రెండు వాదనల్లోనూ పస ఉంది. కానీ ఇలాంటి అంకెను ఏ ఊహల మీద కట్టారో స్థానికులకు వాళ్ల భాషలో ముందే చెప్పడం కనీస బాధ్యత.

వాడుక మారితే అంకె మారాలి

కెనడా మార్గదర్శకాల్లో ఇది బాగా కనిపిస్తుంది. మట్టిలో సీసానికి అక్కడి పరిమితి పొలాలకు కిలోకు 70 మిల్లీగ్రాములు, ఇళ్లకు, పార్కులకు 140, వాణిజ్య స్థలాలకు 260, పరిశ్రమలకు 600. పరిశ్రమగా పాసైన నేల ఇళ్లకు ఘోరంగా ఫెయిల్ కావచ్చు. అంకెలు స్థిరంగానూ ఉండవు. ఇళ్ల దగ్గరి మట్టిలో సీసానికి అమెరికా 1994లో 400 పెట్టింది, 2024 జనవరిలో దాన్ని 200కు తగ్గించింది.

కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం వంటి భారలోహాలు ఎక్కువగా ఉన్నాయని హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు చాలా ఏళ్ల కిందటే ప్రచురించారు. ఇలాంటి చోట రేపు పిల్లల పార్కు వస్తే, పాత ‘పరిశ్రమ’ లెక్క పనికిరాదు.

చట్టం ఏం చెబుతోంది?

కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జులైలో తొలిసారి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అప్పటికి దేశంలో గుర్తించిన స్థలాలు 103, ప్రక్షాళన మొదలైనవి ఏడు. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల నివేదిక ఇవ్వాలి. 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, మరో మూడు నెలల్లో పూర్తి సర్వే జరగాలి. పరిమితి దాటితే ఆ స్థలం వివరాలు బయటపెట్టి, రాకపోకలను కట్టడి చేయాలి. ఖర్చు కాలుష్యం చేసినవాళ్లది. వాళ్లు దొరక్కపోతే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు పంచుకుంటాయి. లోపం కూడా ఉంది: స్థలం కలుషితమని తేలాక ఎన్నాళ్లలో శుభ్రం చేయాలో గడువు లేదు.

కొనేముందు ఏం అడగాలి?

ప్రక్షాళన జరిగిందని చెబితే, ఏ వాడుకకు, ఏ అంకె వరకు అని అడగండి. విషాన్ని తీసేశారా, లేక పైన కప్పేశారా అన్నది ఇంకో ప్రశ్న. కప్పడం తప్పేమీ కాదు, చౌక కూడా. కానీ ఆ కప్పును తరతరాలు కాపాడాలి. పదేళ్ల తర్వాత అపార్టుమెంట్ అసోసియేషన్ కొత్త బోరు వేయించిందంటే కప్పు తెగినట్టే. హైదరాబాద్ కింద ఉన్నది పగుళ్లున్న గ్రానైట్. కొన్ని ద్రావకాలు నీటికంటే బరువు. అవి ఆ పగుళ్లలోకి దిగిపోతాయి, ఆవిరి రూపంలో సెల్లార్లలోకీ వస్తాయి.

ఒక్క చోట తీసిన మట్టి నమూనా చాలదు. ట్యాంకు, డ్రమ్ములు దించిన చోటు, పాత డ్రైనేజీ వెంట విషం మచ్చలు మచ్చలుగా ఉంటుంది. పరీక్షకు ముందు ఆ ఫ్యాక్టరీకి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రాలను ఆర్టీఐ కింద అడగండి. అక్కడ ఏం తయారైంది, ఏ వ్యర్థాలు వచ్చాయన్నది వాటిలో ఉంటుంది. ల్యాబ్‌లో దేనికోసం వెతకాలో చెప్పేది ఆ జాబితాయే. అది లేకుండా మట్టి పంపితే మామూలు పరీక్షలు చేసి రిపోర్టు చేతిలో పెడతారు.