ఉక్కులో ఇమడని వెండి

చిట్యాల చుట్టుపక్కల ఊళ్లలో పాతతరం రైతులు కమ్మరి కొలిమిని ఇంకా మరిచిపోలేదు. తొలకరికి ముందే నాగలి కర్రు, కొడవలి పట్టుకుని అక్కడికి చేరేవాళ్లు. తిత్తి ఊదే చప్పుడు, దాగలి మీద సుత్తె దెబ్బ, చివర నీళ్లలో ముంచగానే చుయ్‌మనే ఆవిరి. పదునుకు మూలం ఆ ఇనుములో దాగిన కొంచెం కర్బనమే. ఆ కర్బనాన్ని కావాలని పెంచి, మూసలో కరిగించి ఉక్కు చేసిన వాళ్లు తెలంగాణలోనే ఉత్తరం వైపు ఉండేవాళ్లు.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఆ పనికి పేరున్న ఊరు. దేశాన్ని కొలిచిన లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసిన హెన్రీ వాయిసీ అక్కడి పనిని దగ్గరుండి చూశాడు. రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును కలిపి మట్టిమూసల్లో పెట్టి, రోజంతా నిప్పు ఆరకుండా కాల్చేవారట. దిగిన ముద్దను మట్టి పూసి మళ్లీ మళ్లీ కాచేవారు. పర్షియా వర్తకులు ఆ ముద్దల కోసం ఇంత దూరం వచ్చేవాళ్లు. వాయిసీ 1824లో చనిపోయాడు. ఆయన రాసిపెట్టింది 1832లో గానీ బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చు కాలేదు. తమిళనాట సేలం వైపు మూసలోకి తంగేడు కట్టె, పైన జిల్లేడాకు వేసేవాళ్లు. కర్బనం అక్కడి నుంచే వచ్చేది.

మన ‘ఉక్కు’ ఇంగ్లిషువాళ్ల నోట్లో ‘వూట్జ్’ అయింది. ఇందులో కర్బనం సుమారు 1.5 శాతం. చల్లారేటప్పుడు అది ఇనుముతో కలిసి కార్బైడ్ గింజలవుతుంది. కత్తి మీద నీటి అలల్లా కనిపించే గీతలు ఆ గింజల వరుసలే. ఖనిజంలో వనాడియం లాంటి మలినం ఏ మూలో రవ్వంత ఉండబట్టే అవి అలా వరుస కట్టాయని అమెరికాలో లోహశాస్త్రవేత్త వెర్హోవెన్, కత్తులు చేసే పెండ్రే కలిసి 1998లో వివరించారు.

బొంబాయి నుంచి వెళ్లిన వూట్జ్ మచ్చుముక్కల గురించి 1795లో జార్జి పియర్సన్ లండన్ రాయల్ సొసైటీలో వ్యాసం చదివాడు. ఆ తర్వాత ఈ గుట్టు విప్పబోయినవాడు మైకేల్ ఫారడే. ఆయన తండ్రి కమ్మరి! విద్యుత్తుతో పేరు రాకముందు, కత్తుల వ్యాపారి జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఆయన వూట్జ్‌ను విశ్లేషించాడు. దాని గొప్పతనం అల్యూమినియం వల్ల వచ్చిందనుకున్నాడు. అది పొరపాటు. కానీ ఆ పొరపాటే ఉక్కులో ఏ లోహం కలిపితే ఏమవుతుందో చూద్దామనే పట్టుదలను రేపింది. ప్లాటినం, రోడియం, నికెల్, వెండి, చేతికందిందల్లా వేసి చూశారు.

వెండి మొండికేసింది. కరిగినప్పుడు కలిసినట్టే ఉండి, చల్లారుతుంటే చెమట పట్టినట్టు సన్నని వెండి బొట్లు ముద్ద మీదికి వచ్చాయి. సాగగొడితే లోపల వెండి పోగులు కనిపించాయి. తగ్గించి తగ్గించి 500 పాళ్ల ఉక్కుకు ఒక్క పాలు వెండి అన్నచోట గానీ బొట్లు ఆగలేదు. 1820లో, మళ్లీ 1822లో ఈ ఫలితాలు ప్రచురించారు. ఇప్పుడు బ్రిటన్‌లో ‘సిల్వర్ స్టీల్’ పేరుతో అమ్మే కడ్డీల్లో మాత్రం వెండి వీసమెత్తు ఉండదు. మెరుపును చూసి పెట్టిన పేరది. ఫారడే దాచిన 79 ఉక్కుముక్కల పెట్టెను లోహశాస్త్రవేత్త హాడ్‌ఫీల్డ్ తెరిచి పరీక్షించి 1931లో పుస్తకం రాశాడు.

ఆనాడు తలనొప్పి అయిన, వెండి కలవని ఈ గుణమే ఇప్పుడు కొందరికి అవసరమైంది. గాలి తీసేసిన పెట్టెలో ఆర్గాన్ అయాన్లతో లోహపు పలకను కొట్టి, ఎగిరిన పరమాణువులను వేరే వస్తువు మీద పేర్చడాన్ని స్పటరింగ్ అంటారు. అలా రాలే పూతను విలియం గ్రోవ్ 1852లోనే గమనించాడు. టైటానియం, కర్బనం, వెండి కలిపి పూస్తే టైటానియం కర్బనాన్ని పట్టుకుని గట్టి కార్బైడ్ అవుతుంది. వెండికి కర్బనంతో పొత్తు కుదరదు. నానోమీటర్ల కొలతలో చిన్న ముద్దలుగా పక్కన ఉండిపోతుంది. దానివల్ల గట్టిదనం కొంత తగ్గుతుంది గానీ, రాపిడి తగ్గి కరెంటు కలిపే చోట పని సాఫీగా నడుస్తుంది.

చిట్యాల నుంచి హైవే పట్టుకుని హైదరాబాద్ వైపు వెళ్తే, నగరం అంచున బాలాపూర్‌లో 1997లో ఏర్పడిన లోహ, పదార్థ పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ ఉంది. టంగ్‌స్టన్ కార్బైడ్ లాంటి గట్టి పూతలు వేయడం అక్కడి వాళ్ల చేతి పని. వెండి పూతలతో తల పట్టుకునే వాళ్లకు ఎదురయ్యేది మాత్రం ఫారడే చూసిన చెమటే. వేడెక్కితే వెండి పైకి పాకుతుంది. అది కందెన గనుక రావాలి, కానీ ఒక్కసారిగా వస్తే లోపల ఖాళీలు మిగులుతాయి. అందుకే కొందరు పైన టైటానియం నైట్రైడ్ తొడుగు వేసి, అరిగిన చోట మాత్రమే వెండి బయటికి వచ్చేలా కట్టడి చేస్తున్నారు.