వారాల అన్నం నుంచి ఉచిత బస్సు దాకా – కాలేజీ పిల్లల ఖర్చు కథ

లోను ఎందుకమ్మా అని గ్రూపులో అడిగితే, పిల్లల కాలేజీకి అని చెప్పేవాళ్లు మనలో చాలామంది. ఫీజు ఒక ఎత్తు, రోజువారీ ఖర్చు ఇంకో ఎత్తు. అన్నం, గది, పుస్తకాలు, దారి ఖర్చు వెనకటి నుంచీ ఉన్నవే. వాటిని మన ముందువాళ్లు ఎట్లా తగ్గించుకున్నారో అందరికీ తెలియాలని ఇది రాస్తున్నాం.

నూరేళ్ల కిందట పట్నం వచ్చి చదువుకునే పేద పిల్లవాడికి మొదటి బెంగ అన్నమే. అప్పట్లో వారాలు చేసుకుని చదివేవాళ్లు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, అట్లా ఏడు రోజులకు ఏడిళ్లలో భోజనం. ఆ ఏడిళ్లలో వండి పెట్టింది ఆడవాళ్లే. ఒంగోలులో టంగుటూరి ప్రకాశం గారి తల్లి సుబ్బమ్మ గారు, భర్త పోయాక పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. ఆ కొడుకే 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు.

అయితే వారాలు ఎక్కువగా బ్రాహ్మణ పిల్లలకే దొరికేవి. దళితుల పిల్లల్ని గడప కూడా దాటనిచ్చేవాళ్లు కాదు. ఇక ఆడపిల్లలు వారాలు చేసుకుని చదవడమనే మాటే లేదు.

తర్వాత హాస్టళ్లు వచ్చాయి. హైదరాబాదులో 1918లో రెడ్డి హాస్టల్ పెట్టారు. ఇంకొన్ని కులాల వాళ్లూ తమ పిల్లల కోసం హాస్టళ్లు కట్టుకున్నారు. ప్రభుత్వం సంక్షేమ హాస్టళ్లు పెట్టాకే మనలాంటి ఇళ్ల పిల్లలకు అన్నం, పడక దొరికాయి. యూనివర్సిటీ హాస్టళ్లలో డివైడింగ్ పద్ధతి ఉండేది. సరుకులు ఒకేసారి కొని, నెలాఖరున అయిన ఖర్చును అందరికీ సమానంగా పంచేవాళ్లు. ఆలోచిస్తే అది మన గ్రూపు లెక్కే. హాస్టల్ దొరకని వాళ్లు నలుగురు కలిసి గది తీసుకుని, ఇంటి నుంచి బియ్యం, పచ్చడి తెచ్చుకుని వంతులేసుకుని వండుకున్నారు. సీనియర్ల పుస్తకాలు సగం ధరకు కొని, పరీక్షలయ్యాక జూనియర్లకు అమ్మారు.

మన పొదుపు కథ కూడా చదువు దగ్గరే మొదలైంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకునే ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. 1992 నాటికి ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993లో రాష్ట్రంలో సారా ఆగింది. ఆ ఊపులోనే రోజుకొక రూపాయి దాచే పొదుపు లక్ష్మి గ్రూపులు పుట్టాయి. సారా కొట్టుకు పోయే డబ్బు పిల్లల పలకా బలపానికి మళ్లింది. ఆ తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది.

ఇంత కథలో మాకు కనపడింది ఒకటే. ఖర్చు తగ్గిన ప్రతిసారీ నలుగురు పంచుకోబట్టే తగ్గింది. ఒంటరిగా తగ్గించుకోవాలని చూసిన పిల్ల ముందు తన తిండే తగ్గించుకుంటుంది. పొద్దున టిఫిన్ మానేస్తుంది, మధ్యాహ్నం ఒక సమోసాతో సరిపెడుతుంది, అడిగితే ఆకలి లేదమ్మా అంటుంది. 2019–21 జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అందులో మన పిల్లలూ ఉన్నారు. కడుపు మాడ్చి మిగిల్చిన పది రూపాయలు రేపు మందుల షాపుకే పోతాయి.

కాబట్టి వచ్చే గ్రామ సంఘం మీటింగులో మూడు పనులు పెట్టుకుందాం. చదువైపోయిన పిల్లల పుస్తకాలు ఒకచోట చేర్చి కింది క్లాసు పిల్లలకు ఇద్దాం. ఒకే కాలేజీకి పోయే మన పిల్లల్ని ఒకరికొకరిని కలుపుదాం, గది, వంట సరుకులు కలిసి చూసుకుంటారు. బస్సు టికెట్టుకు మిగిలిన డబ్బును కూతురి గుడ్డుకూ పాలకూ అని విడిగా రాసిపెడదాం. ఈసారి ఫోను చేసినప్పుడు మార్కుల కంటే ముందు, ఈ పూట ఏం తిన్నావే అని అడగండి.