అరుగుదల మలిచిన బర్మా

లోహానికి రంధ్రం వేసే బర్మా అయినా, చెక్కలో గాడి తీసే రూటర్ కత్తి అయినా కోసేకొద్దీ అరుగుతుంది. వేడికి అంచు మెత్తబడడం, గరుకు రేణువుల రాపిడికి పదును పోవడం, మితిమీరిన ఒత్తిడికి అంచు పెచ్చులూడడం అనే మూడు కారణాలు ఒక్కొక్కటిగానో కలిసో ఇందుకు దారితీస్తాయి. బర్మా చరిత్రలోని ముఖ్యమైన మలుపులు ఎక్కువగా ఈ మూడింటికి దొరికిన పరిష్కారాలే కాబట్టి, పాడైన మొనను పరీక్షించే పద్ధతిని ఆ చరిత్ర నుంచే గ్రహించవచ్చు.

బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో సుమారు 7,500 నుంచి 9,000 సంవత్సరాల క్రితం చెకుముకిరాతి మొనలతో మనుషుల దంతాలకు రంధ్రాలు వేసిన ఆధారాలు బయటపడ్డాయి. ఇనుము వచ్చాక మొన మారినా, తాడు చుట్టి కమానుతో తిప్పే పద్ధతి వడ్రంగుల చేతుల్లో చాలాకాలం నిలిచింది. కమాను ముందుకూ వెనకకూ కదలడం వల్ల బర్మా రెండు వైపులా తిరుగుతుంది. అందుచేత కమ్మరి కొలిమిలో సాగగొట్టిన చదును మొన పదార్థాన్ని కోయడం కంటే గీకడమే ఎక్కువగా చేసేది. రజను రంధ్రంలోనే నిలిచిపోయి, అంచును మరింత అరగదీసేది.

మొన ఆకారం సంగతి అటుంచితే, దాని లోహం విషయంలో తెలుగు నేలకు విశిష్టమైన స్థానం ఉంది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో ఇనుమును మట్టి మూసల్లో, అంటే వేడికి తట్టుకునే చిన్న పాత్రల్లో, మూసి కరిగించి ఉక్కు తయారుచేసేవారు. హెచ్. డబ్ల్యు. వాయిసీ రాసిన ఆ పద్ధతి వివరణ 1832లో ఆసియాటిక్ సొసైటీ ఆఫ్ బెంగాల్ పత్రికలో వెలువడింది. అక్కడి ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని అందులో ఉంది. దక్షిణ భారతదేశపు ఈ మూస ఉక్కు ఐరోపా శాస్త్రజ్ఞులను ఆకర్షించగా, డేవిడ్ మషెట్ దానిపై చేసిన పరీక్షలను 1805లో ప్రకటించాడు. అతని కుమారుడు రాబర్ట్ మషెట్ 1868లో టంగ్‌స్టన్ కలిపిన ఉక్కును రూపొందించాడు. నీటిలో ముంచనవసరం లేకుండా గాలిలో చల్లారుతూనే గట్టిపడడం దాని ప్రత్యేకత.

ఇంతలో ఆకారం సమస్యకూ పరిష్కారం దొరికింది. అమెరికాలో స్టీఫెన్ మోర్స్ 1863లో పేటెంటు పొందిన మెలిక బర్మాలో, ఒంటి పొడవునా చుట్టుకున్న గాళ్లు రజనును పైకి నెట్టివేస్తాయి. వేడి సమస్యను టేలర్, వైట్ అనే ఇద్దరు పరిశోధకులు 1898 తరువాత బెత్లెహెమ్ ఉక్కు కర్మాగారంలో చేపట్టారు. మామూలు కార్బన్ ఉక్కు సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాటితే గట్టిదనం కోల్పోతుండగా, వారి కృషి నుంచి వచ్చిన హైస్పీడ్ ఉక్కు సుమారు 600 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. వేగం కొంచెం పెరిగినా పనిముట్టు ఆయుష్షు ఎన్నో రెట్లు తగ్గుతుందని టేలర్ సూత్రీకరించాడు. హైస్పీడ్ ఉక్కుకు సాధారణంగా వాడే లెక్క ప్రకారం వేగం 20 శాతం పెంచితే ఆయుష్షు నాలుగో వంతుకు పడిపోతుంది.

రాపిడికి విరుగుడుగా 1920లలో జర్మనీలో టంగ్‌స్టన్ కార్బైడ్ వచ్చింది. చెక్క పనికి దాని అవసరం మరీ ఎక్కువ, ఎందుకంటే టేకు వంటి కలపలో ఇసుకకు మూలమైన సిలికా ఉంటుంది. పార్టికల్ బోర్డులో గట్టిపడిన జిగురు కూడా అంచును అరగదీస్తుంది. పైగా చెక్క వేడిని తనలోకి సరిగా తీసుకోదు కనుక ఆ వేడి కత్తిలోనే నిలుస్తుంది. రూటర్‌ను మరీ నెమ్మదిగా జరిపితే కత్తి పొట్టు తీయడం మాని చెక్కను రుద్దుతుంది. గాడి అంచులు నల్లబడడం దానికి గుర్తు.

పల్నాడు జిల్లా బొల్లాపల్లి వంటి చోట ఒకే డ్రిల్ యంత్రంతో ఇనుప కిటికీలకూ, టేకు ద్వారబంధాలకూ రంధ్రాలు వేయవలసి వచ్చినప్పుడు ఈ తేడాలు అక్కరకు వస్తాయి. బర్మా బయటి మూలలు గుండ్రబడితే వేగం ఎక్కువైందని అర్థం, ఎందుకంటే మొనలో అన్నిటికంటే వేగంగా కదిలేది ఆ భాగమే. అంచు పెచ్చులూడితే ఒత్తిడి మితిమీరిందనీ, రంధ్రం కొలత కంటే పెద్దదైతే సాన పట్టినప్పుడు రెండు అంచుల పొడవూ సమానంగా రాలేదనీ గ్రహించాలి. మెత్తని ఉక్కుకు 10 మిల్లీమీటర్ల హైస్పీడ్ బర్మాను నిమిషానికి 800 చుట్ల దగ్గర నడపడం తగిన ప్రారంభం. స్టెయిన్‌లెస్ ఉక్కు మాత్రం రుద్దితే గట్టిపడుతుంది కనుక వేగాన్ని సగానికి తగ్గించి, చమురు పోస్తూ, ఒత్తిడి సడలకుండా కోయాలి.

పదును మళ్లీ తేవడానికి సాన యంత్రాలు ఉన్నాయి. 1943లో సికింద్రాబాదులో ఏర్పడిన ప్రాగా టూల్స్ సంస్థ అటువంటి యంత్రాలకు పేరుపొందింది. అయితే గట్టిదనం పెరిగేకొద్దీ పెళుసుదనమూ పెరుగుతుంది కాబట్టి, వణికే చేతి డ్రిల్‌లో కార్బైడ్ మొన సులభంగా విరుగుతుంది. కార్బైడ్ వచ్చి వందేళ్లు కావస్తున్నా, చేతిపనిలో హైస్పీడ్ ఉక్కు బర్మా నిలిచి ఉండడానికి ప్రధాన కారణం ఇదే.