కైఫియత్తుల ఉద్ధరణము

గ్రామచరిత్రకు ఆధారములు ముఖ్యముగా రెండు: రాతిపై చెక్కిన శాసనము, ఆకుపైనను కాగితముపైనను వ్రాసిన లిఖితము. రాయి ఎండకు వానకు ఓర్చుకొనును. ఆకును చెదలు తినును. కాగితమును తేమయు పురుగును హరించును. అట్లు చెడిపోవుచున్న లిఖితములనుండి మన సీమ చరిత్రను రాబట్టిన వృత్తాంతము గ్రంథాలయాభిమానులు ఎరుగదగినది.

1800లో నిజాము ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి అప్పగించెను. అందుచేతనే దత్తమండలములను పేరు కలిగినది. మన విడపనకల్లును అందులోనిదే. సర్వే అధికారియైన కర్నల్ కాలిన్ మెకంజీ భూమి కొలతలతో తృప్తిపడక గ్రామముల పూర్వోత్తరములను గూడ సేకరింపబూనెను. ఆయనకు కుడిభుజమైన కావలి బొర్రయ్య 1803లో మరణింపగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. వీరి మనుష్యులు ఊరూర తిరిగి, కరణముల దండకవిలెలు చూచి, పెద్దల నడిగి, చెరువు నెవరు త్రవ్వించిరి, గుడికి మాన్య మెవరిచ్చిరి, ఊరెట్లు పాడయ్యెను అను సంగతులను వ్రాసికొనిరి. ఇవియే కైఫియత్తులు.

మెకంజీ 1821లో మరణించెను. ఆయన సేకరణమును కంపెనీ కొనెను. అందు కొంత లండనుకు పోయినది. తెలుగు లిఖితములు చాలవరకు మదరాసు చేరినవి. అచట కాగితములు జీర్ణింపసాగినవి.

1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తరువాత తాటాకు గ్రంథముల పరిష్కరణమునకు పూనుకొనెను. ఒక కావ్యమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించును, పండితులచే చదివించును, ఒకదానిలో రాలిపోయిన అక్షరమును వేరొకదానిలో వెదకించును, పిదప శుద్ధప్రతి వ్రాయించును. 1829లో ఆయన వేమన పద్యములను అచ్చువేయించినది ఈ కృషి ఫలమే. కాని కైఫియత్తుకు రెండవ ప్రతి దొరకుట దుర్లభము. కావున చదువ వీలైనంతవరకు చదివించి క్రొత్త కాగితములపై ఎక్కించెను. ఆ ప్రతులకు లోకల్ రికార్డులని పేరు. అవి నేటికిని చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తకాగారమున కలవు. కడప జిల్లా కైఫియత్తులను అచటి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రము సంపుటములుగా ప్రకటించినది. ఎక్కింపకమునుపే చిరిగిన పుటలోని దాత పేరును మాత్రము ఇక ఎవరును చెప్పలేరు.

నేడు లెక్కలు కంప్యూటరులలో చేరినవి. ఒక యంత్రము లోపల మరొక యంత్రమున్నట్లు నడపు వర్చువల్ మెషీన్ అను పద్ధతియు కలదు. లోపలి యంత్రపు సమాచారమంతయు బయటి యంత్రమునకు కొన్ని ఫైళ్ళు మాత్రమే. ఆ ఫైలు చెడినచో నిపుణులు మొదట ఉన్నదున్నట్లు దానికి ప్రతి తీసి, అసలును ముట్టక, ప్రతిపైననే పని చేయుదురు. చెడకమునుపు దాచిన ప్రతి యున్నచో పని సులభము. లేనిచో దొరికిన తునుకలే మిగులును. వేమన విషయమున బ్రౌనునకు కలిగిన సౌలభ్యమును, కైఫియత్తుల విషయమున కలిగిన చిక్కును ఇట్టివే.

ఈ రజతోత్సవ సమయమున గ్రామ సోదర సోదరీమణులకు ఒక మనవి. మీ యిండ్ల అటకలపై తాటాకు కట్టయో, పాత కవిలెయో, ఇనాము పత్రమో ఉన్నయెడల గ్రంథాలయమునకు తెచ్చి చూపుడు. ప్రతి తీసికొని అసలును మీకే ఇయ్యవచ్చును. మన పుస్తకముల జాబితాకును రెండవ ప్రతి వ్రాసి వేరొక చోట భద్రపరుపవలెను. బ్రౌను వంటివాడు మరల వచ్చునని కూర్చుండుట కంటె, అక్షరము కంటికి కనబడుచుండగనే ప్రతి వ్రాసికొనుట మేలు.